కంప్యూటర్ భాషకు వారసత్వం నేర్పిన క్రిస్టెన్ న్యూగార్డ్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక గొప్ప వ్యక్తి జీవితం వేసుకోవడం ఆనవాయితీగా వస్తోంది. నాయకుల జీవితాలు చదువుకున్నాం, కవుల జీవితాలు చదువుకున్నాం. ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు కంప్యూటర్ పని మీద బతుకుతున్న పాత విద్యార్థులం మేము కొందరం కలిసి ఈసారి ఒక కంప్యూటర్ శాస్త్రవేత్త గురించి రాయాలనుకున్నాం. ఆయన పేరు క్రిస్టెన్ న్యూగార్డ్. దేశం నార్వే.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందే చెప్పాలి. మేము డిగ్రీలో ఉన్నప్పుడు సీ ప్లస్ ప్లస్ పేపర్లో ఇన్‌హెరిటెన్స్ అనే పాఠం ఉండేది. ఇన్‌హెరిటెన్స్ అంటే వారసత్వం. తప్పకుండా వచ్చే ప్రశ్న అని సీనియర్లు చెబితే స్టడీ అవర్లో కూర్చుని బట్టీపట్టేశాం. ఫంక్షన్ పేరు ముందు వర్చువల్ అనే మాట రాయాలని తెలుసు. రాయకపోతే మార్కులు పోతాయనీ తెలుసు. ఎందుకు రాయాలో మాత్రం తెలియదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరు పుట్టించారో అసలే తెలియదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు ఆ కథ చదివాం. చదివాక ఇది మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక తెలుసుకోవలసిన జీవితం అనిపించింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

బాల్యం, తొలి ఉద్యోగం

న్యూగార్డ్ 1926 ఆగస్టు 27న నార్వే రాజధాని ఓస్లోలో పుట్టారు. ఆయనకు పదమూడేళ్లున్నప్పుడు, 1940 ఏప్రిల్‌లో, జర్మనీ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. 1945 మే నెలలో విముక్తి వచ్చింది. అంటే మీ వయసంతా ఆయన పరాయి సైన్యం కింద గడిపారు.

యుద్ధం ముగిశాక ఓస్లో విశ్వవిద్యాలయంలో గణితం చదువుతూ 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో అడుగుపెట్టారు. అప్పట్లో నార్వే తన మొదటి అణు రియాక్టర్ కట్టుకుంటోంది. యురేనియంలో న్యూట్రాన్లు ఎన్ని ఇంకిపోతాయో ముందుగా లెక్క కట్టాలి. ఆ సమీకరణాలను మామూలు పద్ధతిలో సాధించడం చాలా కష్టం. న్యూగార్డ్ దానికి మాంటీ కార్లో అనే పద్ధతి వాడారు. సమీకరణాన్ని పట్టుకుని కుస్తీ పట్టకుండా ఒక్కొక్క న్యూట్రాన్‌ను ఊహించుకుని, అది ఎటు పోతుందో పాచిక వేసినట్టు యాదృచ్ఛిక సంఖ్యలతో తేల్చుకుంటూ పోవడమే ఆ పద్ధతి. అలా చాలా న్యూట్రాన్ల కథ నడిపితే మొత్తం మీద ఏం జరుగుతుందో బయటపడుతుంది. ఈ పనంతా మొదట చేత్తోనే చేశారు.

ఇలా నిజంగా జరిగేదాన్ని కాగితం మీదో యంత్రంలోనో నడిపించి చూడడాన్ని సిమ్యులేషన్ అంటారు. ఆ తర్వాత ఆయన సైన్యానికి కార్యకలాపాల పరిశోధన విభాగంలో పనిచేశారు. ఎక్కడ ఎందరు మనుషులుండాలి, ఏ యంత్రం దగ్గర వరస పెరిగిపోతుంది, ఎక్కడ పని ఆగిపోతుంది, ఇలాంటివి లెక్కలతో తేల్చే శాస్త్రం అది. 1956లో మాంటీ కార్లో పద్ధతుల సిద్ధాంతం మీదే మాస్టర్స్ పట్టా పుచ్చుకున్నారు. 1960లో రక్షణ సంస్థ వదిలి ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో చేరారు.

చిన్న దేశానికి పెద్ద పని ఎందుకన్నారు

అప్పటికి ఆయన్ని ఒక ఇబ్బంది వేధిస్తోంది. ఫ్యాక్టరీలోనో రేవులోనో పని ఎలా నడుస్తుందో వర్ణించడానికి ఒక భాష లేదు. కంప్యూటర్ భాషలు ఉన్నాయి గానీ అవి అంకెల లెక్కలకు పుట్టినవి. వాటిలో వరసలో నిలబడ్డ మనిషి లేడు, ఆ మనిషి కోసం ఎదురుచూసే కౌంటరు లేదు. మనుషులను, యంత్రాలను, వాళ్ల పనులను ఉన్నది ఉన్నట్టు రాసుకునే భాష కావాలనుకున్నారు. దాని పేరు సిములా.

ఆలోచన ఆయనది. దాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టే నేర్పు మాత్రం ఇంకొకరిది. ఆయన ఓలే-యోహాన్ డాల్. 1931లో పుట్టిన డాల్ కూడా రక్షణ సంస్థలోనే పనిచేసినవారు, ప్రోగ్రామింగ్‌లో ఆరితేరినవారు. 1962 నుంచి ఇద్దరూ కలిసి ఈ భాష మీద కూర్చున్నారు. న్యూగార్డ్ గొంతు పెద్దది, మాట ఎక్కువ. డాల్ మితభాషి, సంగీతం మీద ప్రాణం. న్యూగార్డ్ ఆలోచనలు కుమ్మరిస్తుంటే డాల్ జల్లెడ పట్టేవారు.

వాళ్ల ప్రణాళిక చూసిన పెద్దలు కొందరు అడ్డం చెప్పారు. ఆ అభ్యంతరాలను వాళ్లిద్దరూ తర్వాత తమ వ్యాసంలో వరసగా రాసుకున్నారు. ఇలాంటి భాషతో పనేముందని కొందరన్నారు. పనుంది గానీ ఇప్పటికే ఎవరో చేసేశారని కొందరన్నారు. వీళ్ల ఆలోచనలకు అంత సత్తా లేదు, వీళ్లకు అంత సామర్థ్యమూ లేదు, ఇది పూర్తయ్యేది కాదని ఇంకొందరన్నారు. అన్నిటికీ మించి, ఇవి డబ్బున్న పెద్ద దేశాలు చేసుకునే పనులు, నార్వే లాంటి చిన్న దేశానికి ఎందుకని అన్నారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగో మాట మనకు కొత్త కాదు. మీకెందుకు ఇంత పెద్ద చదువులు అనే మాట మనలో ఎందరం వినలేదు? న్యూగార్డ్, డాల్ దానికి జవాబు చెప్పలేదు. పని చేసి చూపించారు.

అప్పుడే అమెరికాకు చెందిన యూనివాక్ కంపెనీ తన కంప్యూటర్లను యూరప్‌లో అమ్ముకోవాలని చూస్తోంది. న్యూగార్డ్ వాళ్లతో మాట్లాడి ఒప్పందం కుదిర్చారు. సెంటర్‌కు యూనివాక్ 1107 యంత్రం బాగా తగ్గించిన ధరకు వస్తుంది, బదులుగా సిములా భాషను ఆ యంత్రం మీద నడిచేలా తయారు చేసి ఇవ్వాలి. యంత్రం 1963లో ఓస్లో చేరింది. 1965 మొదలయ్యేసరికి మొదటి సిములా పని చేస్తోంది.

టోల్‌గేటు దగ్గర దొరికిన కిటుకు

ఇప్పుడు అసలు కథకొద్దాం. పరీక్షకు చదువుతున్నవాళ్లు ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మొదటి సిములా వాడుతుంటే ఒక లోపం కనిపించింది. ఒక వంతెన మీద టోల్‌గేటు ఉందనుకోండి. దాని ముందు వాహనాల వరస. కొన్ని లారీలు, కొన్ని బస్సులు. న్యూగార్డ్, డాల్ తరచుగా చర్చకు పెట్టుకున్న ఉదాహరణ ఇదే. వరసలో నిలబడడం, ముందుకు కదలడం, సుంకం కట్టి వెళ్లిపోవడం లారీకీ బస్సుకూ ఒకటే. లారీకి సరుకు బరువు ఉంటుంది, బస్సుకు ప్రయాణికులు ఉంటారు. అంతే తేడా. కానీ ప్రోగ్రాంలో లారీ కోసం మొత్తం ఒకసారి, బస్సు కోసం అదే మళ్లీ ఇంకోసారి రాయాలి. వరసలో నిలబడే పద్ధతిలో ఒక తప్పు దొరికితే రెండు చోట్లా దిద్దాలి. పది రకాల వాహనాలుంటే పది చోట్ల దిద్దాలి. ఒకచోట మరిచిపోయామా, ప్రోగ్రాం తప్పుడు లెక్క చెబుతుంది.

1966లో ఇంగ్లండ్‌కు చెందిన టోనీ హోర్ అనే శాస్త్రవేత్త రికార్డుల గురించి చెప్పిన పాఠం వాళ్లకు దారి చూపింది. క్లాసు, సబ్‌క్లాసు అనే మాటలు అక్కడివే. ఆ ఏడాది చివర, 1967 మొదట్లో, ఓస్లోలో ఇద్దరూ నల్లబల్ల ముందు పడ్డ తంటా అంతా ఇంతా కాదు. ఆ రోజుల్లో సెంటర్‌లో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి కంగారుగా వచ్చి, లోపల ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కొట్టుకునేలా ఉన్నారని చెప్పారట. అక్కడున్నవాళ్లు నవ్వి, కంగారు పడనక్కర్లేదు, డాల్, న్యూగార్డ్ సిములా గురించి మాట్లాడుకుంటున్నారని సర్దిచెప్పారట.

ఆ పోట్లాటలోంచి వచ్చిన కిటుకు చూడడానికి చాలా చిన్నది. ముందు వాహనం అనే క్లాసు రాయి. అందరికీ ఉమ్మడిగా ఉండేదంతా అందులో పెట్టు. తర్వాత లారీ క్లాసు రాసేటప్పుడు దాని ముందు వాహనం అనే పేరు తగిలించు. అంతే. వాహనానికి ఉన్నదంతా లారీకి వచ్చేస్తుంది. లారీకి సొంతంగా ఉన్నది మాత్రం కొత్తగా రాసుకుంటే చాలు. బస్సుకూ అంతే. పేరును ముందు తగిలించడం కాబట్టి వాళ్లు దీన్ని ప్రిఫిక్సింగ్ అన్నారు. ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే ఇన్‌హెరిటెన్స్ అనే మాట తర్వాతి కాలంలో స్థిరపడింది. మనం తేలికగా తల్లి క్లాసు, పిల్ల క్లాసు అనుకుందాం.

వర్చువల్ అంటే ఇదీ

ఇక్కడితో సగమే అయింది. తల్లి దగ్గర ఉన్న పనిని పిల్ల తనదైన తీరులో చేయాలంటే ఎలా?

సుంకం ఉదాహరణనే మా మాటల్లో కొంచెం పొడిగిస్తాం. వాహనం క్లాసులో సుంకం లెక్కకట్టే పని ఒకటి ఉందనుకోండి. లారీ బరువును బట్టి కట్టాలి, బస్సు సీట్లను బట్టి కట్టాలి. టోల్‌గేటు దగ్గరున్న ప్రోగ్రాం ప్రతి వాహనాన్నీ ఆపి, నువ్వు లారీవా, బస్సువా అని విచారించుకుంటూ ఉంటే రేపు ట్రాక్టరు వచ్చిననాడు టోల్‌గేటు ప్రోగ్రాంను మళ్లీ విప్పి రాయాలి. అలా కాకుండా టోల్‌గేటు అందరినీ ఒకే మాట అడగాలి, నీ సుంకం లెక్క చెప్పు అని. లారీ తన పద్ధతిలో చెబుతుంది, బస్సు తన పద్ధతిలో చెబుతుంది. అడిగేవాడికి ఎదుట ఉన్నది ఎవరో తెలియనక్కర్లేదు. రేపు ట్రాక్టరు వచ్చినా టోల్‌గేటు ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఇది జరగాలంటే తల్లి క్లాసు ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. ఈ పని పేరు నాది, దీన్ని చేసే తీరు మాత్రం నా తర్వాత వచ్చేవాళ్లు మార్చుకోవచ్చు అని. సిములాలో ఆ మాట చెప్పే పద్ధతే వర్చువల్. అలా ప్రకటించిన పనికి పిల్ల క్లాసు తన సొంత తీరు రాసుకుంటే, వాహనం అని పిలిచినా నడిచేది పిల్ల రాసిందే. తల్లి వర్చువల్ అని ప్రకటించకపోతే పిల్ల అదే పేరుతో ఎంత బాగా రాసుకున్నా, వాహనంగా చూసి పిలిచే టోల్‌గేటుకు తల్లి పాత తీరే వినిపిస్తుంది. దీన్నే ఇప్పుడు మెథడ్ ఓవర్‌రైడింగ్ అంటున్నారు. మేము మార్కుల కోసం రాసిన ఆ ఒక్క మాటలో ఇంత అర్థం ఉంది.

1967 మే నెలలో ఓస్లో దగ్గర లీసెబూలో జరిగిన అంతర్జాతీయ సదస్సులో క్లాసు, సబ్‌క్లాసుల మీద ఇద్దరూ పత్రం సమర్పించారు. జూన్‌లో మరో సమావేశంలో భాష స్వరూపం ఖాయమైంది. ఆ భాషే సిములా 67.

ఇంటర్వ్యూలకు వెళ్లే తమ్ముళ్ల కోసం రెండు ముక్కలు. ఓవర్‌రైడింగ్, ఓవర్‌లోడింగ్ ఒకటి కావు. ఒకే పేరుతో వేరువేరు పారామీటర్లు తీసుకునే పనులు పక్కపక్కన ఉంటే ఓవర్‌లోడింగ్. తల్లి క్లాసులోని పనిని అదే పేరుతో, అవే పారామీటర్లతో పిల్ల క్లాసు తిరగరాస్తే ఓవర్‌రైడింగ్. రెండోది, తిరగరాసే స్వేచ్ఛ ఉంది కదా అని ఇష్టం వచ్చినట్టు రాయకూడదు. టోల్‌గేటు అడిగింది సుంకం. లారీ తన లెక్క ఎలాగైనా కట్టుకోవచ్చు గానీ, చివరికి చెప్పవలసింది సుంకమే. తల్లి ఇచ్చిన మాటను పిల్ల నిలబెట్టాలి. దీన్ని 1987లో బార్బరా లిస్కోవ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సూత్రంగా చెప్పారు. అది ఇప్పటికీ ఆమె పేరుతోనే చెలామణి అవుతోంది.

నార్వే నుంచి మన ల్యాబ్ దాకా

సిములా వాడినవాళ్లు ప్రపంచంలో తక్కువే. దాని ఆలోచన మాత్రం ఆగలేదు. అమెరికాలో ఆలన్ కే 1966లో విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటి సిములాను చూశారు. 1970లలో జెరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో ఆయన బృందం స్మాల్‌టాక్ భాషను తయారు చేసింది. డెన్మార్క్‌కు చెందిన బ్యార్నే స్ట్రౌస్ట్రుప్ ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో పిహెచ్.డి. చేస్తూ సిములా వాడారు. అందులోని క్లాసులు ఆయనకు బాగా నచ్చాయి. 1979లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకు క్లాసులు చేర్చే పని మొదలుపెట్టారు. అదే సీ ప్లస్ ప్లస్ అయ్యింది. వర్చువల్ అనే మాట సిములా నుంచే అందులోకి వచ్చింది. 1995లో వచ్చిన జావాలో మామూలు మెథడ్లకు ఆ మాట రాసే పని కూడా లేకుండా పోయింది. వద్దని ఫైనల్ అని రాస్తే తప్ప పిల్ల క్లాసు తిరగరాసుకోవచ్చు.

అంటే చిన్న దేశానికి ఎందుకని అన్న ఆ పనే ఇవాళ మన కాలేజీ ల్యాబ్‌లో పాఠంగా ఉంది.

కార్మికుల దగ్గరికి

న్యూగార్డ్ ఇక్కడితో ఆగి ఉంటే ఆయన గొప్ప శాస్త్రవేత్త మాత్రమే అయ్యేవారు. మేము ఈయన్ని ఎంచుకోవడానికి కారణం ఆ తర్వాత ఆయన చేసిన పని.

సిములాతో ఫ్యాక్టరీల పనిని లెక్కగట్టడం మొదలయ్యాక ఆయనకు ఒక ప్రశ్న ఎదురైంది. ఈ లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి? యాజమాన్యం చేతిలో. ఆ లెక్కల ప్రకారం ఎవరి పని మారుతోంది? కార్మికుడిది. తన పని ఎలా మారబోతోందో ఆ కార్మికుడికి తెలియదు, అడిగే దారీ లేదు. తాను తయారు చేసిన పనిముట్టు ఎవరి మీద ఎలా పనిచేస్తుందో పట్టించుకోవడం కూడా తన బాధ్యతేనని న్యూగార్డ్ నమ్మారు.

1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి ఒక ప్రాజెక్టు చేపట్టారు. మొదట అనుకున్నది మామూలు పద్ధతే. పరిశోధకులు ఫ్యాక్టరీలకు వెళ్లి, కార్మికులకు ఏం కావాలో అడిగి, రిపోర్టు రాసి ఇవ్వాలి. కొంత దూరం వెళ్లాక అది పనికిరాదని తేలింది. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియని మనిషిని కంప్యూటర్ నుంచి నీకేం కావాలని అడిగితే ఏం చెబుతాడు? రిపోర్టు రాస్తే అది బీరువాలో చేరుతుంది.

అప్పుడు న్యూగార్డ్ ప్రాజెక్టు ఫలితం అనే మాటకు అర్థాన్నే మార్చేశారు. పరిశోధకులు రాసేది ఫలితం కాదు, ఈ ప్రాజెక్టు వల్ల కార్మిక సంఘం కేంద్రంలో గానీ ఫ్యాక్టరీలో గానీ తానుగా చేపట్టే పనులే ఫలితం అన్నారు. కార్మికులు చదువుకోవడానికి వీలుగా పుస్తకం తయారు చేశారు. ఫ్యాక్టరీల్లో కార్మికులే బృందాలుగా కూర్చుని చదివారు, తమ పని గురించి తామే రాసుకున్నారు, యాజమాన్యాన్ని తామే అడిగారు. 1975లో నార్వే కార్మిక సమాఖ్యకు, యజమానుల సమాఖ్యకు మధ్య దేశవ్యాప్త ఒప్పందం కుదిరింది. పనిచోట కంప్యూటర్ వ్యవస్థలు పెట్టే ముందు కార్మికులకు తెలియజెప్పాలి, వాళ్ల ప్రతినిధులకు అందులో మాట ఉండాలి అనేది దాని సారాంశం. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లోనూ ఇలాంటి ప్రాజెక్టులు వచ్చాయి. ఒక వ్యవస్థను తయారు చేసేటప్పుడు దాన్ని వాడేవాళ్లను కూడా కూర్చోబెట్టుకోవాలని ఇవాళ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చెబుతున్న పాఠానికి మూలాల్లో ఒకటి ఆ ఫ్యాక్టరీల్లో ఉంది.

మళ్లీ భాష దగ్గరికి

1975, 76ల్లో ఆయన డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1977 నుంచి 1996 దాకా ఓస్లో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్నారు. ఆ కాలంలోనే డెన్మార్క్, నార్వే మిత్రులతో కలిసి బీటా అనే మరో భాష రూపొందించారు.

బీటాలో ఒక విశేషం ఉంది. జావాలో పిల్ల క్లాసు తల్లి పనిని పూర్తిగా తీసేసి తనది పెట్టుకోవచ్చు. తల్లి చేసింది కూడా కావాలనుకుంటే సూపర్ అని రాసి పిలుచుకోవచ్చు. పిలవాలా వద్దా అన్నది పిల్ల ఇష్టం. బీటాలో అలా కాదు. తల్లి రాసింది చెరిగిపోదు. తల్లి తన పని మధ్యలో ఇన్నర్ అని ఒక మాట రాసి ఖాళీ వదులుతుంది. పిల్ల రాసుకున్నది ఆ ఖాళీలో నడుస్తుంది. ముందు తల్లి మొదలుపెడుతుంది, మధ్యలో పిల్ల తన పని చేస్తుంది, మళ్లీ తల్లి ముగిస్తుంది. ఇన్నర్ అనే మాట సిములా 67లోనే క్లాసుల పని విషయంలో ఉంది. దాన్ని బీటాలో అంతటా విస్తరించారు.

ఏది మంచిదన్న చర్చ ఇప్పటికీ ఉంది. అసలు వారసత్వాన్ని అతిగా వాడవద్దని, వస్తువులను కలిపి వాడుకోవడమే చాలాచోట్ల మేలని 1994లో వచ్చిన డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం దగ్గర్నుంచి అనుభవజ్ఞులు చెబుతూనే ఉన్నారు. అది కూడా తెలుసుకోవాలి. కానీ రెండు పద్ధతుల్లోనూ న్యూగార్డ్ చూపు ఒకచోటే ఉంది. ముందు రాసేవాడు అన్నీ తానే రాసేయకూడదు. తర్వాత వచ్చేవాడికి చోటు వదలాలి.

చివరి రోజులు

న్యూగార్డ్ రాజకీయాల్లోనూ వెనక్కి తగ్గలేదు. నార్వే యూరోపియన్ యూనియన్‌లో చేరాలా వద్దా అనే వివాదంలో వద్దనే ఉద్యమానికి 1990 నుంచి 1995 దాకా నాయకత్వం వహించారు. 1994 నవంబర్ 28న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 52.2 శాతం మంది వద్దని ఓటేశారు. ఆ అభిప్రాయంతో ఏకీభవించేవారూ ఉంటారు, విభేదించేవారూ ఉంటారు. డెబ్బైకి దగ్గరపడ్డ ప్రొఫెసర్ ఒక దేశ ఉద్యమానికి ముందు నిలబడడం మాత్రం మామూలు విషయం కాదు.

ఆఖరి ఏళ్లలో ఆయన మనసంతా కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లల మీద ఉంది. చిన్న చిన్న లెక్కలతో మొదలుపెడితే ఈ పద్ధతి అసలు అందం కనిపించదని ఆయన వాదన. అందుకే ఒక హోటల్‌ను ఉదాహరణగా తీసుకునేవారు. తినడానికి వచ్చేవాళ్లు, వడ్డించేవాళ్లు, వంటవాళ్లు, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఒకరికోసం ఒకరు ఆగుతూ ఉండే హోటల్. చదివినప్పుడు మాకు మన మెస్ గుర్తొచ్చి నవ్వుకున్నాం. ఎనిమిది గంటలకు బెల్ కొట్టాక పళ్లేలతో నిలబడే మన వరస ఆయన చూసి ఉంటే చక్కటి పాఠం రాసేవారు.

2001 సంవత్సరానికి ట్యూరింగ్ అవార్డు డాల్, న్యూగార్డ్‌లకు కలిపి ఇచ్చారు. కంప్యూటర్ శాస్త్రంలో దాన్ని నోబెల్‌తో సమానంగా చెప్పుకుంటారు. ఆ ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. 2002 జూన్ 29న డాల్ కన్నుమూశారు. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 10న, న్యూగార్డ్ గుండెపోటుతో మరణించారు. నలభై ఏళ్లు కలిసి నడిచినవాళ్లు ఒకే వేసవిలో వెళ్లిపోయారు. ఓస్లో విశ్వవిద్యాలయంలో పక్కపక్కనున్న రెండు భవనాలకు వాళ్ల పేర్లు పెట్టారు. ఈ రంగంలో మంచి పరిశోధన చేసినవారికి వాళ్లిద్దరి పేరు మీద అంతర్జాతీయ బహుమతి కూడా ఇస్తున్నారు.

మనకు మిగిలింది

వారసత్వం అనే మాట వినగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది పొలం, ఇల్లు, పట్టా పాసుపుస్తకం. మనలో చాలామందికి అవి లేవు. మనకు వచ్చింది ఇంటిపేరు, నాన్న చేసే కూలి పని, ఊరు పెట్టిన పేరు. పాత పద్ధతి ప్రకారం అయితే ఆ పనే మనమూ చేయాలి. ఊరు ఎప్పుడు పిలిచినా నాన్న పలికినట్టే పలకాలి.

ప్రోగ్రాంలో పిల్ల క్లాసు తల్లి దగ్గర్నుంచి వచ్చినదాన్ని వద్దనలేదు. మనిషికి అంత కట్టుబాటు లేదు, ఈ పోలికను అంతకంటే లాగనక్కర్లేదు. కానీ సిములాలోని ఒక్క సంగతి మాత్రం మాకు మనసులో నాటుకుపోయింది. పిల్ల తన సొంత తీరు రాసుకోవాలంటే తల్లి ముందే ఆ చోటు వదిలి ఉండాలి.

మమ్మల్ని ఈ హాస్టల్లో చేర్చిన రోజు గుర్తుంది. ఒక చేత్తో ట్రంకు పెట్టె, ఇంకో చేత్తో మా చెయ్యి పట్టుకుని అమ్మ వచ్చింది. అప్లికేషన్ మీద నాన్న వేలిముద్ర వేశాడు. ఆ రోజుల్లో మా ఈడు పిల్లల్ని పశువులు కాయడానికి జీతానికి పెట్టినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. మమ్మల్నీ పెట్టి ఉంటే ఇంటికి నాలుగు గింజలు వచ్చేవి. మా అమ్మానాన్నలు ఆ గింజలు వదులుకున్నారు. కష్టపడే గుణం, నలుగురికి పెట్టి తినే గుణం, అప్పు తీర్చే గుణం అన్నీ ఇచ్చారు. బతికే తీరు అనే ఒక్క చోట మాత్రం తమ పని రాయకుండా ఖాళీ వదిలారు. మేము రాసుకున్నదేదైనా ఆ ఖాళీలోనే రాసుకున్నాం. అది మా గొప్ప అని చాలాకాలం అనుకున్నాం. వర్చువల్ అర్థం తెలిశాక అందులో సగం గొప్ప వాళ్లదని తెలిసింది.

ఇక పాత విద్యార్థులుగా మాకు ఒక బాధ్యత ఉంది. ఏటా హాస్టల్ డేకి వచ్చి, మేము ఇలా చదివాం, మీరూ ఇలాగే చదవండి, ఇదే కోర్సు చేయండి, ఇదే ఉద్యోగం చూసుకోండి అని చెప్పి వెళ్తున్నాం. న్యూగార్డ్ కార్మికుల దగ్గరకు వెళ్లినప్పుడు మొదట చేసిన పొరపాటు ఇదే. తర్వాత ఆయన పుస్తకం ఇచ్చి పక్కకు జరిగి నిలబడ్డారు. ఈ ఏడు నుంచి మేమూ అలా చేద్దామని అనుకుంటున్నాం. మా దగ్గరున్న పుస్తకాలు, పాత కంప్యూటర్లు, తెలిసిన నాలుగు ముక్కలు తెచ్చి పెడతాం. వాటితో ఏం చేయాలో మీరు కూర్చుని తేల్చుకోండి. మీరు చేసేదే ఫలితం. రాలేక ఆగిపోయిన పాత మిత్రులు కూడా ఇది చదివి వస్తారని ఎదురుచూస్తాం.